అయస్కాంతపు చాప మీద మా మావ

మా మావ టెక్కలిలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా పనిచేసి రిటైరయ్యాడు. మా అమ్మకు సొంత తమ్ముడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నిద్ర అనేది ఒక సమస్య అవుతుందని ఆయనకు తెలియదు. మధ్యాహ్నం క్యారేజీ కడిగి పెట్టుకున్నాక, ఫైళ్ళ గుట్ట వెనక కుర్చీలో వాలి, ప్రజలకు ఏ ఇబ్బందీ కలగకుండా నిద్రపోయేవాడు. పని మీద వచ్చినవాళ్ళు కూడా అలవాటు పడిపోయి, ఆయన లేచేదాకా వరండాలో కూర్చుని వేరుశనగకాయలు ఒలుచుకునేవారట. రిటైరైన మర్నాటి నుంచి ఆ కుర్చీ లేదు, ఆ ఫైళ్ళూ లేవు. ఉద్దానంలో సొంత ఇల్లుంది, టేకు మంచం ఉంది, బూరుగుదూది పరుపు ఉంది, కొబ్బరితోటల మీదుగా వచ్చే సముద్రపు గాలి ఉంది. నిద్ర మాత్రం టెక్కలి ఆఫీసులోనే ఉండిపోయింది.

"ఏటో పాపా, ఒల్లంతా నీరసం. పొద్దున్న లేసేసరికే అలుపు" అనేవాడు నాతో.

పొద్దున్న లేచాక ఆయన చేసే మొదటి పని మా అత్త ఇచ్చిన టీ తాగడం. రెండో పని ఇంకో టీ అడగడం. ఆ తర్వాత పేపరు. పాపం, అలుపు రాక ఏమవుతుంది?

అత్తకు అలుపు ఉండేదో లేదో మాకెవరికీ తెలియదు. ఆవిడ మేం లేచేసరికే లేచి ఉండేది, మేం పడుకున్నాక కూడా ఏదో సర్దుతూ ఉండేది. ఆవు, వాకిలి, వంట, జీడిపిక్కల కాలం వస్తే తోటలో నడుం వంచి పిక్కలు ఏరడం, కాలం పోతే కొబ్బరి చీపుళ్ళు. ఒళ్ళు నొప్పులు అనిపిస్తే మందుల కొట్టు నుంచి బిళ్ళ తెప్పించుకుని, మింగి, మళ్ళీ పనిలోకి దిగేది. ఆ ఇంట్లో అలుపు అనే మాట మీద సర్వహక్కులూ మావకే ఉండేవి.

నేను అప్పుడు టెక్కలిలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. ఇల్లు పలాసలో. మావ వాళ్ళ ఊరు అక్కడికి ఆటోలో వెళ్ళే దూరమే కాబట్టి వారం వారం రాకపోకలు ఉండేవి. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. చేతుల్లోకి అప్పుడప్పుడే సెల్‌ఫోన్లు వస్తున్నాయి.

అదిగో, ఆ రోజుల్లో పలాసను ఆనుకుని ఉన్న కాశీబుగ్గలో ఒక బట్టల కొట్టు పై అంతస్తులో, అంతకుముందు టైపు ఇన్‌స్టిట్యూట్ ఉన్న హాల్లో, ఉచిత ఆరోగ్య కేంద్రం ఒకటి తెరిచారు. వరసగా మంచాలు. ప్రతి మంచం మీదా నల్లటి రెక్సిన్ చాప. చాపలో తీగచుట్టలు, చాపకు ఒక వైరు, వైరు చివర చిన్న పెట్టె, పెట్టె మీద ఎర్ర దీపం. కరెంటు పెడితే చాపలోంచి విద్యుదయస్కాంత తరంగాలు పుట్టి, ఒంట్లో దూరి, నీరసం పోగొట్టి, నిద్ర పట్టించి, మనసుకు ఉల్లాసం కలిగిస్తాయని గోడ మీద రాసి ఉండేది. పడుకున్నందుకు పైసా తీసుకోరు. నచ్చితే చాప కొనుక్కోవచ్చు. నచ్చకపోతే రేపు మళ్ళీ వచ్చి పడుకోవచ్చు, నచ్చేదాకా.

ఊరికే వస్తే మావాళ్ళు ఎంత ఓపికైనా తెచ్చుకుంటారు. నీరసంతో మెట్లెక్కలేమనే వాళ్ళంతా తెల్లవారకముందే వచ్చి ఆ మెట్ల మీద వరస కట్టేవారు. జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళు షిఫ్టుకు ముందు వచ్చేవారు. రిటైరైన మేస్టర్లు, పూజ ముగించుకున్న పంతుళ్ళు, తోటల నుంచి రైతులు, అందరూ ఆ చాపల మీద సమానులే. సమాజంలో ఎన్నాళ్ళ నుంచో రావలసిన మార్పు అయస్కాంతం వల్ల వచ్చింది.

ఆ కేంద్రాన్ని నడిపే ఆయన విశాఖ నుంచి వచ్చాడు. అందరూ ఆయన్ని ట్రైనర్ గారు అనేవారు. టై కట్టుకునేవాడు. మా ఎండల్లో టై కట్టుకున్న మనిషి చెప్పేది అబద్ధం అయ్యే అవకాశం లేదని మావ నమ్మకం.

ట్రైనర్ గారు రోజూ మైకులో చెప్పేవాడు. "మన ఒంట్లో ప్రతి కణమూ ఒక బ్యాటరీ. మీకు నీరసం ఎందుకొస్తోంది? బ్యాటరీ డౌన్ అయింది. మీ సెల్‌ఫోన్ డౌన్ అయితే ఏం చేస్తారు?"

"సార్జింగు ఎడతాం!" అని హాలంతా ఒక్క గొంతుతో అరిచేది. వాళ్ళలో చాలామందికి సెల్‌ఫోన్ లేదు.

"ఈ చాపే మీ చార్జర్. ఇప్పుడు గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పట్లు కొడితే రక్తం బాగా తిరుగుతుంది."

కొట్టేవారు. మాట మాటకీ కొట్టేవారు. కొన్నాళ్ళకు ఆయన దగ్గినా కొట్టేవారు.

మావ వెళ్ళిన మొదటి రోజే హాయిగా నిద్రపోయాడు. అందులో నాకు ఆశ్చర్యం లేదు. పగటి పూట, నలుగురి మధ్య, ప్రభుత్వ ఆఫీసు లాంటి హాల్లో పడుకోబెడితే ఆయనకు నిద్ర రాకుండా ఎలా ఉంటుంది? కానీ మావ లెక్క అది కాదు. మైకు అందుకుని, ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎవరికీ ఒక్క వాక్యంలో జవాబు చెప్పని మనిషి, తన నిద్ర గురించి అనర్గళంగా మాట్లాడాడు. మొదటి వారం నిద్ర పట్టిందన్నాడు. రెండో వారానికి మోకాలి నొప్పి తగ్గింది. నెల తిరిగేసరికి కళ్ళద్దాలు లేకుండా పేపరు చదువుతున్నాడు. ఆ కళ్ళద్దాలు జేబులో ఉండేవి, పేపరు ఇంటి దగ్గర ఉండేది, అది వేరే సంగతి.

నన్ను కూడా ఒకరోజు లాక్కెళ్ళాడు. నేను కాలేజీ ల్యాబులోంచి దిక్సూచి ఒకటి వెంట తీసుకెళ్ళాను. ట్రైనర్ గారితో, "ఇది పరిశోధనలో తేలిందంటున్నారు, ఏ దేశంలో జరిగిందండీ?" అని అడిగాను.

"అన్ని దేశాల్లోనూ జరిగింది మేడమ్" అన్నాడు.

అంత పెద్ద జవాబు తర్వాత ఇంకేం అడుగుతాను? దిక్సూచి తీసి చాప మీద పెట్టాను. కరెంటు వేశారు. సూది వణికింది. కొంచెమే, చలిలో నిలబడ్డ ముసలాయన గడ్డంలా. అయస్కాంత క్షేత్రం ఉన్న మాట నిజమే.

"సూది కదిలిందా, లేదా మేడమ్?"

"కదిలింది. కానీ సూది కదిలితే మనిషికి నిద్ర పడుతుందని..."

నా 'కానీ' ఎవరికీ వినపడలేదు. మావ అప్పటికే మైకు లాక్కున్నాడు. "సూసినారా! మా అక్క కూతురు. పిజిక్స్ లెచ్చరరు. సొయంగా కంపాసెట్టి పరిచ్చ సేసి, కరెట్టే అని తేల్సీసింది!"

చప్పట్లు మారుమోగాయి. ఆ రోజుతో అన్ని దేశాల పరిశోధనలో టెక్కలి జూనియర్ కాలేజీ కూడా చేరిపోయింది.

మావతో పాటు ఆ రోజు అత్త కూడా వచ్చింది. ఆవిడ చాప మీద నడుం వాల్చడం నేను చూశాను. దుప్పటి సరిచేసుకునే లోపే నిద్రపోయింది. సమయం అయిపోయి తర్వాతి వాళ్ళు వచ్చి నిలబడితే, తట్టి తట్టి లేపాల్సి వచ్చింది. ట్రైనర్ గారు అందరికీ ఆవిణ్ణి చూపించి, "చూడండి, అమ్మగారి కణాలు ఎంత దాహంగా ఉన్నాయో!" అన్నాడు.

కిందకు దిగుతూ, "ఎలా ఉందత్తా?" అని అడిగాను.

"బాగుందమ్మా. పంకా తిరగతంది. ఎవులూ టీ అడగరు. అలాటి కాడ బండ మీద తొంగున్నా నిద్దరొత్తాది" అంది.

మెట్లు దిగడానికి ఆవిడ గోడ పట్టుకుంది. పాదాలు ఉబ్బి ఉన్నాయి. అదేమిటని ట్రైనర్ గారిని అప్పటికే అడిగారట. "ఒంట్లో విషాలన్నీ కిందకు దిగుతున్నాయి. చాలా మంచి సూచన. ఈ సమయంలో టెస్టులు, మందులు అని కంగారుపడి వేరే చోట్లకు తిరగొద్దు, చికిత్స పాడవుతుంది" అని చెప్పాడట. ఆ మాట మావ నాకు ఎంతో సంతోషంగా చెప్పాడు. అత్త ఒళ్ళు నొప్పుల బిళ్ళలు మాత్రం మానలేదు. అవి లేకపోతే ఆవు పాలు ఎవరు పిండుతారు?

ఆ వేసవిలో ఏదో పని మీద విశాఖ వెళ్ళినప్పుడు, యూనివర్సిటీలో నాకు చదువు చెప్పిన మేస్టారిని కలిశాను. నవ్వుతారేమో అనుకుంటూనే ఈ చాపల గోల చెప్పాను. ఆయన నవ్వలేదు.

"నిజంగానే పరిశోధన జరుగుతోందమ్మా. చిన్న చిన్న అయస్కాంత పల్సులు పంపించి నిద్ర, నీరసం, మనసు కుదుటపడటం ఇవన్నీ చూస్తున్నారు. కొన్నిట్లో కొంత మేలు కనిపిస్తోందంటున్నారు, కొన్నిట్లో ఏమీ లేదు. ఇంకా తేలలేదు. చిక్కు ఎక్కడంటే, కరెంటు లేని ఉత్తుత్తి యంత్రం మీద పడుకోబెట్టినా చాలామంది హాయిగా నిద్రపోయామనే చెప్తారు. అందుకని నిజందీ ఉత్తుత్తిదీ రెండూ పెట్టి, ఎవరు దేని మీద పడుకున్నారో వాళ్ళకి తెలియకుండా చూడాలి. అంత ఓపిక అమ్ముకునేవాళ్ళకి ఉండదు" అన్నారు.

నాకు చాలా నచ్చింది ఆ మాట. తిరిగొచ్చి మావకు పూస గుచ్చినట్టు చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, నా తెలివికి జాలిపడ్డాడు.

"మనకి ఉత్తుత్తి మిసను ఎందుకే పాపా? నిజం మిసను ఉండగాను!"

మావ మాటకారితనం వృథా పోలేదు. ట్రైనర్ గారు ఒక చాపను ఆయన ఇంటికే పంపించాడు, ఊళ్ళో నలుగురికీ చూపించమని. ఊరికే కాదు, ఒక హోదా కూడా ఇచ్చాడు. ఫీల్డ్ రీసెర్చర్. మావ ఆ మాటను "పీల్డు" అనేవాడు. సర్వీసంతా గుమస్తాగానే ఉండి గుమస్తాగానే దిగిపోయిన మనిషికి రిటైరయ్యాక వచ్చిన ప్రమోషను అది. ఆ రోజు ఆయన ముఖంలో వెలుగు చూసి నేను కూడా ఏమీ అనలేకపోయాను.

ఇంటి వసారాలో, కొబ్బరికాయల గుట్ట పక్కన నవారు మంచం వేసి, దాని మీద చాప పరిచాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఊళ్ళోవాళ్ళు వచ్చేవారు. సముద్రం ఒడ్డు ఊళ్ళ నుంచి కూడా సైకిళ్ళ మీద వచ్చేవారు. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు, మజ్జిగ, టీ. పరిశోధకుడు మావ. మజ్జిగ అత్త.

ఫలితాలు మాత్రం మామూలుగా లేవు. ఒకాయనకు నడుం నొప్పి పోయింది. ఇంకొకాయన అల్లుణ్ణి తెచ్చి పడుకోబెడితే, అల్లుడు ఆ పూట సారా తాగలేదు. ఒక ముసలావిడ చెవి వినిపిస్తోందంది. "ఏ సెవి మామ్మా?" అని మావ అడిగితే, "ఆఁ?" అంది. చివరికి మావ తన ఆవు కూడా పాలెక్కువ ఇస్తోందని చెప్పాడు. ఆవు చాప మీద పడుకోలేదు, దాని పక్క నుంచి కొట్టంలోకి వెళ్ళేది. తరంగాలకు అంత చాలు.

మావకు నిద్ర పట్టడం నిజమే. రోజూ వచ్చిపోయే జనంతో మాట్లాడి మాట్లాడి, పెందలాడే గురక పెట్టేవాడని అత్తే చెప్పింది.

ఒకరోజు చాప పెట్టె మీది ఎర్ర దీపం వెలగలేదు. మావ కంగారుపడి, తోటల్లో నీళ్ళ మోటార్లు బాగుచేసే మెకానిక్కును పిలిపించాడు. ఆదివారం కావడంతో నేనూ అక్కడే ఉన్నాను. మెకానిక్కు పెట్టె మూత ఊడదీసి, లోపలికి చూసి, మా వైపు చూసి, మళ్ళీ లోపలికి చూశాడు.

"మావా, దీపానికేటీ అవలేదు. బల్బు మార్సీత్తే ఎలుగుతాది. గానీ సాపకెల్లే తీగ ఏదీ?"

"ఏదీ అంటే ఏటిరా?"

"ఎలకలు కొరికీసినాయి. సూడు, కొబ్బరి పీసెట్టి గూడు కట్టినాయి. ఇది నిన్నా మొన్నా కట్టిన గూడు కాదు. దీపానికి ఏరే తీగ, సాపకి ఏరే తీగ. ఇన్నాల్లూ దీపం ఎలిగినాది గానీ సాపకి ఎప్పుడో కరెంటు ఆగిపోనాది."

అతను పీచు గుప్పెడు బయటకు లాగాడు. అందులోంచి ఎర్రటి ఎలుకపిల్లలు రెండో మూడో, కళ్ళు కూడా తెరవనివి, వసారా గచ్చు మీద పడ్డాయి. పెట్టెలో వెచ్చగా, ఎవరి గొడవా లేకుండా, ఒక సంసారం పచ్చగా సాగిపోతోందన్నమాట. ఆరోగ్యమూ నిద్రా ఉల్లాసమూ అన్నీ నిజంగా పొందినవి అవే.

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. "మావా, మా మేస్టారు చెప్పిన ఉత్తుత్తి యంత్రం ఇదే. నీకు తెలియకుండానే నువ్వు అసలైన పరిశోధన చేశావు" అన్నాను.

మావ వంగి ఆ పెట్టెలోకి తొంగి చూశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "అంటే పాపా, కరెంటు నేకుండానే ఇంత గుణం ఇచ్చిందంటే, ఉంటే ఇంకెంత ఇత్తాదో ఆలోసించు!"

ఆలోచించాను. ఆ రోజు నుంచి నేను ఎవరితోనూ వాదన పెట్టుకోవడం తగ్గించాను.

ట్రైనర్ గారికి కబురు చేస్తే ఆయన ఇంకా నిబ్బరంగా ఉన్నాడు. "ఒకసారి చార్జ్ అయిన చాపలో శక్తి నిలవ ఉంటుంది సార్. ఆ ఎలుకలు ఆరోగ్యంగానే ఉన్నాయి కదా?" అన్నాడు. వాటి ఆరోగ్యం సంగతి పిల్లికి తెలుసు.

ఇదంతా నవ్వుకునే కథగానే మిగిలిపోయేది. కానీ తర్వాతి వారం నేను వెళ్ళేసరికి, అత్త పెరట్లో నీళ్ళ గోలెం దగ్గర కూర్చుని పాదాలకు సబ్బు రుద్దుకుంటోంది. కాళ్ళు కడుక్కుంటోందనుకున్నాను. దగ్గరికెళ్ళి చూస్తే, మెట్టెలు తీయడానికి తంటాలు పడుతోంది. వేలు ఉబ్బి మెట్టె మాంసంలోకి దిగిపోయింది. మా వైపు ముత్తయిదువ మెట్టెలు తీయడమంటే చిన్న మాట కాదు.

"ఏమిటత్తా ఇది?"

"మీ మావకి సెప్పకమ్మా. బాద పెడతంది, తీసి కొంగున కట్టుకుంతాను. వాపు తగ్గినాక పెట్టుకుంతాను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏమో. తిండి కూడా సయించట్లేదు. నోరంతా సేదు. తోటలో నాలుగు పిక్కలేరితే కూకుండిపోతన్నాను. నిన్నయితే నెగనేకపోనాను, పక్క తోటోలు సెయ్యట్టి నెగిపినారు."

ఆవిడ నోటి నుంచి తన ఒంటి గురించి అన్ని మాటలు వినడం నాకు అదే మొదటిసారి. తోటల్లో అప్పటికే ఒక గుసగుస ఉండేది. ఫలానా ఇంట్లో ఒకరికి కాళ్ళు వాచాయని, ఆ పక్కింట్లో ఇద్దరికని, పెద్ద ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళు కిడ్నీలు అన్నారని. నీళ్ళ వల్లనేవారు, ఎండల వల్లనేవారు, ఎవరి పాపమో అనేవారు. ఎందుకొస్తోందో చెప్పగలిగినవాళ్ళు లేరు. ఆ పేరు ఎత్తితే ఇంటికి వస్తుందేమోనని చాలామంది ఎత్తేవారు కాదు. నేను మాత్రం ఎక్కడ ఎత్తాను? ఇన్నాళ్ళూ సూదీ తీగా అని చాపతో పోట్లాడుతున్నాను గదా.

మావ అడ్డుపడ్డాడు. "విసాలు దిగతన్నాయే. టెస్టులకి తిప్పితే..." అని మొదలుపెట్టాడు.

"ఎలకలు కొరికిన చాప మీద విషాలు ఎలా దిగుతాయి మావా?" అన్నాను. నా గొంతు నేననుకున్నదాని కంటే పెద్దగా వచ్చింది.

మావ లోపలికి వెళ్ళాడు. చొక్కా వేసుకుని ఆయనే వెళ్ళి ఆటో పిలుచుకొచ్చాడు.

పలాసలో ఆసుపత్రి వైద్యుడు అత్త కాలి మీద బొటనవేలితో నొక్కాడు. వేలు తీశాక కూడా ఆ గుంట అలాగే ఉంది. "ఏ ఊరమ్మా?" అని అడిగాడు. ఊరి పేరు చెప్పగానే, రాస్తున్నవాడు ఆగిపోయాడు. రక్తం, మూత్రం పరీక్షలకు పంపాడు. రిపోర్టులు వచ్చాక మావనూ నన్నూ లోపలికి పిలిచాడు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయని, పూర్తిగా పోలేదని, నొప్పి బిళ్ళలు ఈ రోజే ఆపేయాలని, విశాఖ తీసుకెళ్ళి పెద్ద డాక్టరుకు చూపించాలని చెప్పాడు.

మావ నిలబడే ఉన్నాడు. "మాగ్నెట్టు మీద తొంగుంటాది డాట్రు గారూ. నిద్దర బాగా పడతంది దానికి" అన్నాడు, ఆ మాట ఎందుకైనా పనికొస్తుందేమో అన్నట్టు.

వైద్యుడు ఆయన్ని తిట్టలేదు. "పడుకున్నందుకు నష్టమేమీ లేదండి. ముందే ఇక్కడికి తీసుకురావలసింది" అన్నాడు.

బయట బెంచీ మీద అత్త కూర్చుని ఉంది. మావ వెళ్ళి పక్కన కూర్చున్నాడు. కొంగున కట్టిన మెట్టెల ముడి ఆయన కంటపడింది. ఆ ముడిని కాసేపు చేత్తో పట్టుకుని వదిలేశాడు.

విశాఖలో మందులు రాశారు, ఉప్పు తగ్గించమన్నారు, తోట పని మానమన్నారు, క్రమం తప్పకుండా రమ్మన్నారు. ఆ తిరుగుళ్ళ మధ్యే కాశీబుగ్గ కేంద్రం వాళ్ళు ఒక కల్యాణమండపంలో పెద్ద సభ పెట్టారు. కంపెనీ పెద్దాయన ఎవరో హైదరాబాదు నుంచి వస్తున్నాడట. ఫీల్డ్ రీసెర్చర్ గారు తప్పకుండా మాట్లాడాలని కబురు వచ్చింది. మావ వెళ్ళడనే అనుకున్నాను. ఆయన గంజి పెట్టిన తెల్ల చొక్కా తొడుక్కుని, అత్తను కూడా బయల్దేరదీశాడు. నాకు ఒళ్ళు మండింది. ఏం చేస్తాడో చూద్దామని నేనూ వెళ్ళాను.

మండపం కిటకిటలాడుతోంది. పెద్దాయన వేదిక మీద పూలదండలో మునిగి ఉన్నాడు. ట్రైనర్ గారు మావను ఆకాశానికెత్తి మైకు చేతికిచ్చాడు. మావ మైకును రెండు చేతులా పట్టుకున్నాడు.

"అందరికీ నమస్కారం. నాకు ఈ సాప మీద మంచి నిద్దర పట్టింది. అది అబద్దం కాదు" అన్నాడు.

చప్పట్లు.

"ఆ సాప తీగని ఎలకలు కొరికీసినాయి. కరెంటు నేదు. ఐనా పట్టింది."

చప్పట్లు. ట్రైనర్ గారు కూడా కొట్టాడు, కొంచెం నెమ్మదిగా.

"నా ఆడమనిసికి కాళ్ళు వాసినాయి. విసాలు దిగతన్నాయి అన్నారు. నేనూ అదే అన్నాను. పదిమందికీ అదే సెప్పినాను. అయి విసాలు కాదు. కిడ్నీలు. డాట్రు గారు రగతం పరిచ్చ సేసి సెప్పినారు. నాకు నిద్దర పట్టకపోతే ఇంత గోల సేసినాను. దానికి ఒల్లు బాగోనేదని నాకు తెలీనే తెలీదు. మీ ఇళ్ళల్లో కాళ్ళు వాసినోలుంటే బేగి తీసుకెల్లి రగతం సూపించండి. సాప మీద తరవాత తొంగోవచ్చు."

ఆయన మైకు దించాడు. తర్వాత, అలవాటు ఊరికే పోతుందా, మండపమంతా చప్పట్లు కొట్టింది. ఈలలు కూడా వేశారు. ట్రైనర్ గారు మైకు అందుకుని, "సార్ ఎంతో భావోద్వేగంతో మాట్లాడారు!" అని, వెంటనే సంగీతం పెట్టించాడు. పెద్దాయన మావకు శాలువా కప్పాడు. ఏం విన్నాడో, ఎందుకు కప్పాడో ఆయనకే తెలియాలి.

వేదిక మెట్లు దిగి వస్తున్న మావకు ఎదురెళ్ళాను. శాలువా ఒక భుజం మీంచి జారిపోతోంది. దాన్ని సరిచేసి, "నడు మావా" అన్నాను.

చివరి వరసలో కూర్చున్న అత్త చుట్టూ అప్పటికే నలుగురైదుగురు ఆడవాళ్ళు చేరారు. జీడి ఫ్యాక్టరీలో పప్పు పొట్టు తీసేవాళ్ళు. ఒకామె చీర కుచ్చెళ్ళు కొంచెం పైకెత్తి పాదం చూపిస్తూ, అత్తను అక్క వరసలో పిలిచి అడుగుతోంది. "అప్పా, ఆ రగతం పరిచ్చ ఎక్కడ సేత్తారు? పరగడుపునే ఎల్లాలా?"

తర్వాతి వారం వాళ్ళను వెంటబెట్టుకుని నేనే ఆసుపత్రికి వెళ్ళాను. ఆటోలో పట్టక ఒకామె డ్రైవరు పక్కన కూర్చుంది. దారంతా సినిమా కబుర్లు చెప్పుకున్నారు, నవ్వుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు అంతగా నవ్వలేదు. అందరి రిపోర్టులూ బాగా రాలేదు.

సభ తర్వాత కేంద్రం మూతపడిపోయిందని చెబితే వినడానికి బాగుంటుంది. ఏమీ మూతపడలేదు. మర్నాడు కూడా మెట్ల మీద వరస అంతే ఉంది. పంకా ఉంది, మంచం ఉంది, ఊరికే వస్తోంది. ఇంకో ఏడాదికి కాబోలు, కొనేవాళ్ళంతా కొనేశాక, ఒక పొద్దున్న బోర్డు కూడా లేకుండా వెళ్ళిపోయారు. ఆ హాల్లోకి కంప్యూటర్ ట్రైనింగ్ సెంటర్ వచ్చింది. మావ ఇంటి చాప మాత్రం ఎవరూ తీసుకెళ్ళలేదు. మావ దాన్ని ఆవు కొట్టం మీద వాన పడకుండా కప్పాడు. రెక్సిన్ మంచిదే, చాలా ఏళ్ళు కారలేదు.

అత్త జబ్బు పోలేదు. అది పోయే రకం కాదని డాక్టర్లు ముందే చెప్పారు. మందులతో నెమ్మదించింది. వాపు తగ్గాక మెట్టెలు మళ్ళీ వేళ్ళకు ఎక్కాయి. తోట పని ఆవిడకు వద్దన్నారు కాబట్టి మావ తోటలోకి దిగాడు. మొదటి ఏడాది ఆయన ఏరిన పిక్కల కంటే తొక్కినవే ఎక్కువ. ఆవు ఆయన్ని రెండుసార్లు తన్నింది. టీ పెట్టడం నేర్చుకున్నాడు. అన్నం వార్చడం నేర్చుకుంటూ చెయ్యి కాల్చుకున్నాడు. సాయంత్రం అయ్యేసరికి కూర్చున్నవాడు కూర్చున్నట్టే కునుకుతూ, "ఏటో పాపా, ఒల్లంతా అలుపు" అనేవాడు. ఈసారి నేను వెక్కిరించలేదు.

ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి అత్త వసారాలో మామూలు తుంగచాప మీద పడుకుని ఉంది. వంటింట్లోంచి గిన్నెల చప్పుడు.

"ఏమే, ఉప్పు డబ్బా ఎక్కడెట్టినావు?" అని మావ లోపల్నుంచి కేకేశాడు.

"నా కూరకి ఉప్పొద్దన్నారు గదా. ఎతక్కు" అని అత్త కళ్ళు తెరవకుండానే జవాబిచ్చి, అటు తిరిగి పడుకుంది.